కాగడా వెలుగులో మెరిసిన మొహం ఎల్‌ఈడీ కింద ఎందుకు వెలవెలబోతోంది?

మాస్టారూ, మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. శ్రీరామనవమి పందిట్లో మీ ఊరి కుర్రాళ్ళు హరిశ్చంద్ర కాటిసీను వేశారు. ఎనిమిది ఎల్‌ఈడీ లైట్లు, నాలుగు కాలర్ మైకులు, పొగ మిషను అన్నీ తెప్పించారు. అయినా మొహాలు పాలిపోయినట్టు కనిపించాయి, పద్యం చెవుల్లో గీరినట్టు వినిపించింది, సగం జనం మధ్యలోనే లేచిపోయారు. మీ తాతగారేమో కరెంటు లేని రోజుల్లో పొలంలో చాపలేసుకుని తెల్లారేదాకా ఇదే నాటకం చూశామనీ, ఆఖరి వరసకు కూడా అక్షరం పొల్లుపోకుండా వినపడేదనీ అంటారు. అది నిజమా, నిజమైతే ఎలా కుదిరింది, వచ్చే ఏడాదికి మేమేం చెయ్యాలి అని అడిగారు.

నేను ముప్పై అయిదేళ్ళుగా పరిషత్తు పోటీ నాటకాలకు రంగోద్దీపనం, అంటే లైటింగు, చేస్తున్నాను. మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. మీ తాతగారు చెప్పింది చాలావరకు నిజం. వాళ్ళ దగ్గర సామాను తక్కువే, కానీ ఉన్న ఒక్క దీపానికి తగ్గట్టు రంగు, నడక, గొంతు, చివరికి కథ అల్లిక కూడా కుదుర్చుకున్నారు. మనం దీపం మార్చేసి మిగతావన్నీ అలాగే ఉంచాం. మీ పందిట్లో జరిగింది కూడా అదే.

ముందు కాగడా సంగతి చూద్దాం. వీధిభాగవతంలో, పాత కూచిపూడి ప్రదర్శనల్లో దివిటీ పట్టుకున్న మనిషి వేషగాడి పక్కనే ఉండేవాడు. నటుడు కదిలితే దివిటీ కదిలేది, మొహం తిప్పితే దివిటీ ఆ పక్కకు వచ్చేది. ఇప్పుడు మనం వేలకు వేలు పోసి అద్దెకు తెచ్చే ఫాలోస్పాట్ చేసే పని అదే. దూరం రెండింతలయితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, మూడింతలయితే తొమ్మిదో వంతుకు. అంటే మొహానికి రెండడుగుల దూరంలో ఉన్న కాగడా, అదే కాగడా ఆరడుగుల దూరంలో ఉన్నప్పటికన్నా తొమ్మిది రెట్లు వెలుగు ఇస్తుంది. ఇరవై అడుగుల దూరంలో ఉన్నప్పటితో పోలిస్తే నూరు రెట్లు! చుట్టూ చీకటి, నడుమ ఒక్క మొహం. పైగా జనం చీకటిపడ్డాక నడిచి వచ్చి, అరగంటో గంటో చీకట్లో కూర్చుని ఎదురుచూసేవారు. మన కన్ను చీకటికి బాగా అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. అలా అలవాటు పడిన కంటికి ఆముదం దీపం కూడా పెద్ద వెలుగే. మీ పందిరి చుట్టూ సీరియల్ సెట్లు, పక్కనే బజ్జీల బండి మీద తెల్లటి ఫ్లడ్‌లైటు. ఆ కళ్ళకు ఎనిమిది లైట్లు కాదు, ఎనభై పెట్టినా చాలవు.

ఇక రంగు. పాత వేషగాళ్ళు మొహానికి అర్దళం పూసుకునేవారు. పసుపు రంగు రాయి అది, నూరి రాసుకునేవారు. పైన కుంకుమ, కాటుక, ఇంగిలీకం అనే ఎర్రరంగు. కాగడా మంటలో ఎరుపు, పసుపు కాంతులే ఎక్కువ, నీలం చాలా తక్కువ. పచ్చటి అర్దళం ఆ కాంతినంతా తిప్పి కొడుతుంది కనక మొహం బంగారు ముద్దలా మెరిసేది. రంగుల లెక్క తెలిసినవాళ్ళు వెలుతురు వన్నెను కెల్విన్లలో కొలుస్తారు: మంట సుమారు 1900, పాత ఫిలమెంటు బల్బు 2700, స్టేజీ హాలోజన్ 3200. మీకు అద్దెకు వచ్చే తెల్ల ఎల్‌ఈడీ 6000 పైమాటే, అంటే నీలం వైపు మొగ్గిన తెలుపు. దాని కింద పసుపు కాస్తా ఆకుపచ్చకు తిరుగుతుంది, కుంకుమ గోధుమరంగుకు దిగిపోతుంది, చర్మం శవంలా అవుతుంది. మీ హరిశ్చంద్రుడు పాలిపోయింది అందుకే. అర్దళంలో ఉండేది ఆర్సెనిక్, విషం. అది రోజూ రాత్రి ఒంటికి పూసుకుని మనకు రాజుల్నీ రాక్షసుల్నీ చూపించినవాళ్ళను తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. ఆ వన్నె కోసం మీరు అర్దళం జోలికి వెళ్ళొద్దు. వెలుతురు వన్నె మారిస్తే చాలు, ఎలాగో కింద చెబుతాను.

చివరి వరసకు ఎలా వినపడేదన్నది పెద్ద ప్రశ్న. దీన్ని మనవాళ్ళు ఎంతో ముందే ఆలోచించారు. భరతుడు నాట్యశాస్త్రంలో మూడు ఆకారాల్లో, మూడు కొలతల్లో నాట్యమండపాలు చెప్పి, మనుషులకు మధ్యరకం కొలతే మేలన్నాడు: 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు. హస్తం అంటే సుమారు అడుగున్నర. అంటే 96 అడుగులు, 48 అడుగులు. అందులో ముందు సగం ప్రేక్షకులకు, వెనక సగం రంగానికీ నేపథ్యానికీ. కాబట్టి ఆఖరున కూర్చున్నవాడు రంగం అంచు నుంచి యాభై అడుగులు దాటడు. ఎందుకింత చిన్నదో కూడా ఆయనే చెప్పాడు. ఇంకా పెద్దదైతే మాట చెదిరిపోతుంది, మొహంలో భావం కనపడదు. మండపం కొండగుహలా ఉండాలి, కిటికీలు చిన్నవిగా ఉండాలి, గాలి కొట్టకూడదు, అప్పుడే గొంతు గంభీరంగా పలుకుతుంది అన్నాడు. నేను కొత్త హాలులోకి అడుగుపెట్టినప్పుడల్లా ముందు కొలిచేది ఈ యాభై అడుగులే. నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలపు మెట్ల వరసల రంగస్థలం బయటపడింది. నాగార్జునసాగర్ జలాశయం కట్టేటప్పుడు దాన్ని తెచ్చి దగ్గర్లోని అనుపులో మళ్ళీ నిలబెట్టారు. వీలైతే మీ కుర్రాళ్ళను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి, నడుమ నిలబెట్టి ఒక పద్యం పాడించండి. మెట్లమీద కూర్చున్నవాళ్ళకు అర్థమవుతుంది.

కానీ మన వీధినాటకానికి గుహా లేదు, మెట్లూ లేవు. బయలు. అక్కడ రెండు సంగతులు తోడ్పడ్డాయి. ఒకటి రాత్రి. పగలు ఎండకు నేల వేడెక్కి శబ్దం పైకి వంగి పోతుంది. రాత్రి నేల చల్లబడి, పైగాలి కాస్త వెచ్చగా ఉంటే శబ్దం తిరిగి నేలవైపు వంగుతుంది. అందుకే అవతలి ఊరి గుడిగంట పగలు వినపడదు, తెల్లవారుజామున వినపడుతుంది. రెండోది రాగం. హల్లు తొందరగా గాల్లో కలిసిపోతుంది, అచ్చు దూరం వెళుతుంది. అందులోనూ హెచ్చు శ్రుతిలో పట్టి నిలబెట్టిన అచ్చు ఇంకా దూరం వెళుతుంది, ఎందుకంటే మన చెవి ఆ స్థాయి ధ్వనికే ఎక్కువ స్పందిస్తుంది. పద్యం చివర “ఆ…” అని తీసే ఆలాపన జనానికి చేరడానికి పుట్టి, తర్వాత కళ అయిందని నా నమ్మకం. ఈలపాట రఘురామయ్య, పీసపాటి, షణ్ముఖి వంటి పద్యనటుల గొంతుల్లో అది ఎక్కడికి వెళ్ళిందో మీ తాతగారినే అడగండి. హార్మోనియం రంగం పక్కనే కూర్చోవడం కూడా ఆ గొంతుకు శ్రుతి కాపు కాయడానికే. అయితే “అక్షరం పొల్లుపోకుండా” అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ నాటకం పద్యాలు పశువుల కాపరులకు కూడా నోటికి వచ్చిన కాలం అది. వినపడని అక్షరాన్ని జనం తమ లోపలినుంచి పూరించుకునేవారు. మీ పందిట్లో ఆ పద్యం తెలియని పిల్లలే ఎక్కువ. ఈ తేడాను ఏ మైకూ తీర్చలేదు.

దీపాలు చాలని చోట ప్రవేశాన్ని ఎంత గొప్పగా వాడారో చూడండి. ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకుంటారు. దాని మీదుగా సత్యభామ జడ ఇవతలికి పడుతుంది. అమ్మాయి కనపడకముందే ఆమె గర్వం రంగం మీదికి వచ్చేసింది! తర్వాత ప్రవేశదరువు: “నేను ఫలానా” అని పాత్ర తనను తాను చెప్పుకోవడం. సెట్టు లేదు, కరపత్రం లేదు, మసక వెలుతురు, అందుకే ఆ దరువు. హిరణ్యకశిపుడు వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని మంట లేచేది. గుగ్గిలం గడ్డ నిదానంగా కాలుతుంది. అదే మెత్తగా పొడి చేస్తే ప్రతి రేణువుకూ గాలి తగిలి ఒక్కసారిగా అంటుకుంటుంది. మీ కుర్రాళ్ళకు ఈ మాట చెప్పండి, కానీ తాటాకు పందిట్లో, షామియానా కింద చెయ్యనివ్వకండి.

తోలుబొమ్మలాట వాళ్ళు ఇంకో దారి పట్టారు. వెలుతురును ప్రేక్షకుడి వైపు నుంచి కాక వెనకనుంచి, పలచగా గీకి రంగులద్దిన తోలులోంచి పంపారు. తెల్ల పంచె తెర, వెనక ఆముదం దీపాలు. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద చెక్కపలకలు తొక్కి చప్పుడు చేసేవారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ పని చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఈ బొమ్మలాట నుంచే సురభి నాటక సమాజం వచ్చింది, అందుకే సురభివాళ్ళకు మాయలు అంత బాగా చేతనవును అని నా నమ్మకం. వనారస కుటుంబం బొమ్మలు ఆడించే కుటుంబం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఊరి పెద్దల కోరికమీద బొమ్మలు పక్కనపెట్టి మనుషులే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1881లో, లండన్ సవాయ్ థియేటర్ మొత్తంగా కరెంటు దీపాలతో వెలిగింది. మన దగ్గర కరెంటు ఊసు లేదు. అయినా సురభివాళ్ళు ఘటోత్కచుణ్ణి గాల్లో లేపారు, బాణాలను ఎదురెదురుగా ఢీకొట్టించారు, రంగం మీద వాన కురిపించారు. కప్పీలు, తాళ్ళు, సన్నటి తీగ, నేల పలకల్లో తలుపు, చేతుల మధ్య కుదిరిన తాళం. అందులో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే వేశారు, అదీ మిగతా నాటకసమాజాల్లో మగవాళ్ళే స్త్రీ పాత్రలు కడుతున్న రోజుల్లో. తీగ ఎందుకు కనపడదంటే, వెనక ముదురు రంగు తెర ఉంటుంది, వెలుతురు ఎదురుగా కాక పక్కనుంచి పడుతుంది. పక్క వెలుతురు బాణాన్ని పట్టుకుంటుంది, తీగను వదిలేస్తుంది. మీ కుర్రాళ్ళు ఎప్పుడైనా మాయాబజారు వేస్తే ముందు ఎదుటి లైట్లు ఆపమనండి. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. నన్నడిగితే ఆ గౌరవంలో తెర వెనక తాడు లాగినవాళ్ళకూ వాటా ఉంది.

కంపెనీ నాటకాల తెరల గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వచ్చి మన ఊళ్ళలో ఆడాక, రాజమండ్రిలో కందుకూరి, బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఇలా ఊరూరా నాటకాలు లేచాయి. వాటితోపాటు చుట్టే తెరలు వచ్చాయి: వీధి తెర, అడవి తెర, తోట తెర, దర్బారు తెర. వీధి తెరను రంగం ముందుభాగంలోనే దించేవారు. దాని ముందు ఇద్దరు హాస్యగాళ్ళు నాలుగు మాటలు, ఒక పాట నడిపిస్తుంటే వెనక చప్పుడు కాకుండా సింహాసనాలు సర్దుకునేవారు. తెర లేచేసరికి దర్బారు సిద్ధం. పాత నాటకాల్లో గంభీరమైన రంగానికీ గంభీరమైన రంగానికీ నడుమ సంబంధం లేనట్టు ఒక చిన్న హాస్యరంగం ఎందుకుంటుందని విద్యార్థులు అడుగుతారు. సామాను సర్దడానికి కావలసిన సమయమే అది. ఇప్పుడు లైటు ఆర్పి అర నిమిషంలో సర్దుతున్నాం కనక ఆ రంగాలను కత్తిరించేస్తున్నాం. కత్తిరించగానే జనానికి ఊపిరి తీసుకునే చోటు పోతోంది. నేనైతే కనీసం ఒకటి ఉంచుతాను.

ఆ తర్వాత పెట్రోమాక్స్ దీపం వచ్చింది. రెండు పక్కలా రెండు వేలాడదీసేవారు. గాలి తగ్గి మసకబారితే, ఎంత రసవత్తరమైన ఘట్టంలోనైనా ఒకతను వచ్చి పంపు కొట్టి వెళ్ళేవాడు, జనం ఆ మనిషిని లెక్కచేసేవారు కాదు. పాదాల దగ్గర ఫుట్‌లైట్లు పెట్టిన చోట నీడలు పైకి పడేవి. గడ్డం కింద వెలుగు, కళ్ళ మీద బుగ్గల నీడ. దాన్ని సరిచెయ్యడానికే కనురెప్పల మీద తెల్లరంగు, కళ్ళకు పొడుగాటి కాటుక. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా వేసిన రోజుల్లో ఆ వెలుతురుకు లొంగి ఉండే నేర్పు కావలసివచ్చింది: మొహం ఎంత వంచాలి, చీరకుచ్చిళ్ళ మీద వెలుగు ఎక్కడ పడాలి, అన్నీ. నటుడు బళ్ళారి రాఘవ ఇంకో కొసన నిలబడ్డారు. పద్యాన్ని రాగాలతో సాగదీయడం వద్దన్నారు, మాటనీ చూపునీ నమ్మారు, స్త్రీ పాత్రలకు స్త్రీలే రావాలన్నారు. ఆయన మాట సరైనదని నా అభిప్రాయం. అయితే ఆ నటన దగ్గరగా కూర్చున్నవాళ్ళకు చేరినంతగా అయిదువేల మంది కూర్చున్న బయలులో చేరడం కష్టం. భరతుడి యాభై అడుగులు ఇక్కడ మళ్ళీ గుర్తొస్తాయి.

మైకు వచ్చాక మేలూ జరిగింది, కీడూ జరిగింది. మేలు అందరికీ తెలుసు. కీడు ఏమిటంటే నటుడి నడక ఆగిపోయింది. కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు ముగ్గురూ మూడు మైకుల ముందు కర్రల్లా నిలబడి ఒకరి తర్వాత ఒకరు పాడడం, మనం పద్యనాటకం అంటే ఇదే అనుకునేంతగా అలవాటయింది. ఈ అలవాటు లేని నాటకాలు కూడా అదే కాలంలో వచ్చాయి. 1940లలో ప్రజానాట్యమండలి తెలంగాణ రైతుల పోరాటం మీద రాసిన ‘మా భూమి’ని ఊరూరా ఆడింది. బండెడు తెరలు లేవు, రాజుల దుస్తులు లేవు. ఆ నాటకాన్ని సర్కారు నిషేధించే స్థాయికి జనంలోకి వెళ్ళింది.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను, మీ కుర్రాళ్ళకు పనికొస్తుంది. నేను ఈ పనిలో దిగినప్పుడు డిమ్మర్ కొనే స్తోమత ఎవరికీ లేదు. ఉప్పునీళ్ళ డిమ్మర్ వాడేవాళ్ళం. పింగాణీ గొట్టంలో ఉప్పునీళ్ళు, అడుగున ఒక లోహపు పలక, తాడుకు వేలాడే మరో పలక. పై పలకను కిందికి దించితే లైటు వెలుగుతుంది, పైకి లాగితే మసకబారుతుంది. సూర్యాస్తమయం తెప్పించడంలో దానికి సాటి లేదనిపించేది. గంట గడిస్తే నీళ్ళు కాగి ఆవిరి వచ్చేవి. ఒక పోటీలో నేల తడిగా ఉంది, నేను చెప్పుల్లేకుండా ఉన్నాను, తాడు జారుతుంటే చెయ్యి పెట్టాను. కరెంటు పట్టేసింది. పక్కనున్న మిత్రుడు మెయిన్ ఆపకపోతే ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. తరవాత మళ్ళీ దాన్ని ముట్టలేదు. ఎవరైనా పాత పద్ధతి కదా అని తయారు చేస్తామంటే ఆపండి. మీ పందిట్లో కూడా మొత్తం సరఫరాను ఎర్తింగ్ ఉన్న బోర్డు నుంచి, కరెంటు లీకయితే ఆపే స్విచ్ మీదుగా తీసుకోండి.

ఇక మీ కాటిసీను. ఎనిమిది లైట్లలో రెండు చాలు ఎదుటి నుంచి. అవి కూడా నేరుగా కాదు, చెరో పక్క 45 డిగ్రీల కోణంలో, తల కన్నా ఎత్తునుంచి. నేరుగా ఎదురుగా కొడితే మొహం చదునుగా కనిపిస్తుంది. రెండింటికీ కాషాయం జిలెటిన్ కాగితం కట్టండి, లేదా అద్దెవాణ్ణి 3000 కెల్విన్ దీపాలు అడగండి. రంగులు మార్చే ఎల్‌ఈడీ అయితే నీలం దాదాపు సున్నాకు దించి, ఎరుపు పూర్తిగా, ఆకుపచ్చ సగానికి కాస్త తక్కువగా పెట్టి చూడండి. వెనకనుంచి ఒకటి లేత నీలం, భుజాల అంచు మాత్రం వెలిగేటట్టు. చితి దగ్గర నేల మీద ఒకటి, ముందు చిన్న కర్ర అడ్డంపెట్టి మంటలా కదిలించండి. మిగతావి పెట్టెలోనే ఉంచండి. పొగ మొదట ఒక్కసారి వదిలి ఆపేయండి, జాషువా శ్మశానవాటి పద్యాలు పాడుతున్నప్పుడు మొహానికి అడ్డం రాకూడదు. వాటికి ముందు అరనిమిషం చీకట్లో ఉంచండి, కళ్ళు కొంతైనా సర్దుకుంటాయి. బజ్జీల బండిని కాస్త దూరం జరపమనండి, ఆ గంటన్నర పాటు.

మైకు గీరినట్టు వినిపించింది దేనికంటే, మాటకు సరిపోయేటట్టు స్థాయి పెట్టారు, తర్వాత నటుడు పద్యం ఎత్తుకోగానే అది పగిలింది. రిహార్సల్లో ముందు అన్నిటికన్నా గట్టి పద్యం పాడించి, దానికి మైకు స్థాయి కట్టండి. మాటలకు పెంచుకోవచ్చు. కాలర్ మైకు హారాల మీద రాసుకుంటుంది, దాన్ని నుదుటి జుట్టు దగ్గర దాచండి. పందిరి పొడుగైతే నడుమ ఇంకో స్పీకరు పెట్టేటప్పుడు దానికి ఆలస్యం కట్టించండి. శబ్దం సెకనుకు 340 మీటర్ల చొప్పున నడుస్తుంది కనక రంగం నుంచి నూరడుగుల దూరంలో ఉన్న స్పీకరు దాదాపు 90 మిల్లీసెకన్లు ఆగి పలకాలి. లేకపోతే వెనకవాళ్ళకు ప్రతి అక్షరం రెండుసార్లు వినపడుతుంది.

ఒక్క చోట మాత్రం కాగడాను వెనక్కి తెచ్చుకోండి. వీరబాహుడి దాసుడిగా కాటికాపరి వేషంలో ఉన్న హరిశ్చంద్రుడు సుంకం అడుగుతాడు. చంద్రమతి దగ్గర ఏమీ లేదు. మెడలో మంగళసూత్రం ఉంది కదా అంటాడు. భర్తకు తప్ప ఎవరికీ కనపడని సూత్రం ఇతనికెలా కనపడిందని ఆమె తల ఎత్తుతుంది. ఆ మాట వచ్చే ముందు మీ లైట్లన్నీ పదో వంతుకు దించండి. కాటికాపరి చేతిలో ఒక కర్ర కాగడా ఉండాలి, లోపల బ్యాటరీతో వెలిగే చిన్న పసుపు బల్బు, పైన ముదురు కాగితం. అతను దాన్ని ఆమె మెడ దగ్గరికి, సరిగ్గా రెండడుగుల దూరానికి తీసుకురావాలి. సూత్రం మెరవాలి, తర్వాత ఆమె కళ్ళు, తర్వాతే అతని మొహం. ఆ వరస తప్పకుండా ఇద్దరి చేతా పది రోజులు చీకట్లో సాధన చేయించండి.